సోమ, గురువారాల సంతకం

నేను పోలీసుని. ఈ మాట ముందే చెప్పేస్తే సగం మంది మొహం తిప్పుకుంటారని తెలుసు. అయినా దాచి ప్రయోజనం లేదు, ఊరందరికీ తెలిసిన సంగతే. టొబాగో దీవిలో మార్తాస్ బే అనే ఈ పల్లెలో ఇరవై ఒక్క ఏళ్ళుగా కార్పొరల్‌ని. పెద్దా చిన్నా అందరూ కార్పీ అంటారు. నా అసలు పేరు ఎథెల్బర్ట్ క్వామినా అని జీతం కాగితం మీద తప్ప ఎక్కడా ఉండదు. నాతో పాటు ఉద్యోగంలో చేరినవాళ్ళు ఇన్‌స్పెక్టర్లయి పొట్టలు పెంచారు. నేను ఇక్కడే ఉండిపోయి ఊళ్ళో పిల్లలకి డప్పులు నేర్పాను.

ఆ సంగతి చెప్పాలి. నేను ఇక్కడికి బదిలీ అయి వచ్చినప్పుడు కుర్రకారంతా వంతెన గోడ మీద కూర్చుని పొద్దు పుచ్చేవారు. నా పని వాళ్ళని అక్కణ్ణించి తరమడం. తరిమితే పది నిమిషాల్లో మళ్ళీ వచ్చి కూర్చునేవారు. పాపం, వాళ్ళు మాత్రం ఎక్కడికి పోతారు? మరోవైపు మూడు డప్పులూ ఫిడేలూ కలిపి వాయించే ముసలాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. నాకు మా తాత నేర్పిన ఫిడేలు వచ్చు. జాలర్ల సంఘం వాళ్ళ పాత షెడ్డు అడిగి పుచ్చుకున్నాను. 'పోలీసు యువజన సంఘం' అని నా చేత్తోనే బోర్డు రాశాను. ప్రతి శనివారం మూడింటికి ఎండు కొబ్బరాకులు మండించి, మేకతోలు డప్పులు కాచి, శ్రుతికి తెచ్చి, చీకటి పడేదాకా వాయించేవాళ్ళం. ఇన్నేళ్ళలో నూటికి పైగా పిల్లలు ఆ షెడ్డులోంచి వెళ్ళారు. వాళ్ళలో ఒకమ్మాయి నర్సు. ఇద్దరు బడిపంతుళ్ళు. ఒకడు జైల్లో ఉన్నాడు, వాడికీ క్రిస్మస్‌కి ఉత్తరం రాస్తాను.

నా భార్య మార్వా ఆరేళ్ళు ఓపిక పట్టింది. "శనివారం పిల్లలది, ఆదివారం స్టేషనుది. నాకు మిగిలింది నీ ఉతకాల్సిన యూనిఫారమే" అని ఒక ఉదయం ఓడెక్కి పక్క దీవి ట్రినిడాడ్ వెళ్ళిపోయింది. తప్పు ఆవిడదని నేను ఎన్నడూ అనలేదు. ఆ తరవాత స్టేషను వెనక గదిలోకి మకాం మార్చాను. పెద్ద వల యజమాని కెప్టెన్ లూసియన్ నన్ను చూసినప్పుడల్లా ఏడిపించేవాడు.

"ఏం కార్పీ, పెళ్ళాం పక్కకంటే మేకతోలు పక్కే వెచ్చగా ఉందేం?"

"మేకతోలు నీలా నోరు పారేసుకోదు కెప్టెన్" అనేవాణ్ణి. బీచి అంతా నవ్వేది. ఆ నవ్వులో నేనూ ఒకణ్ణని మురిసిపోయేవాణ్ణి.

ఆ నూటికి పైగా పిల్లల్లో కెర్లాన్ టోబీ ఒకడు. ఒకడంటే తప్పు, వాడే ముఖ్యం. తొమ్మిదేళ్ళప్పుడు వచ్చాడు. తల్లీ తండ్రీ లేరు, నానమ్మ వెర్నా పెంచింది. ఊరంతా ఆవిణ్ణి టాంటీ వెర్నా, అంటే వెర్నా అత్త, అంటుంది. ఇప్పుడు వాడికి పంతొమ్మిది. బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. శనివారం నాకంటే ముందొచ్చి మంట రాజేస్తాడు. నేను అరిస్తే ఏడ్చే చంటిగాళ్ళు వాడు చెవి మెలేస్తే నవ్వుతారు. రెండేళ్ళలో నా ఉద్యోగం అయిపోతుంది. అప్పుడు సంఘాన్ని వాడి చేతిలో పెట్టి, నేను ఒక మూల కూర్చుని ఫిడేలు వాయించుకోవాలనుకున్నాను. నా జీవితానికి అంతకు మించిన పథకం లేదు.

మా ఊళ్ళో ఒక కట్టడి ఉంది. ఒడ్డునుంచి రెండు మోకులతో లాగే అలివి వల నీళ్ళలో పడ్డాక మోకు పట్టినవాణ్ణి ఎవరూ పిలవకూడదు. పెళ్ళాం నొప్పులు పడుతున్నా, పాదిరి వచ్చినా, ఆఖరికి పోలీసు వచ్చినా సరే, వల ఒడ్డుకొచ్చి చేప ఇసక మీద పడేదాకా ఆ చెయ్యి ఊరిది. దానికి తగ్గట్టే మోకు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ వాటా ఉంటుంది, దారిన పోయేవాడికైనా.

మా స్టేషనుకీ ఒక కట్టడి ఉంది. బల్ల మీద లావుపాటి డైరీ ఉంటుంది. గుమ్మం దాటాలంటే అందులో రాయాలి: ఎన్నింటికి, ఎక్కడికి, ఎందుకు. మిగతావాళ్ళు 'గస్తీ' అని ఒక్క ముక్క గీకి పోతారు. నాకది చేతకాదు. క్షవరానికి వెళ్ళినా క్షవరమనే రాస్తాను. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆ పుస్తకంలో ఒక్క అబద్ధం రాయలేదని నాకు లోపల్లోపల గర్వం కూడా ఉండేది.

మార్చి నెల, బుధవారం. పట్నం నుంచి ఇన్‌స్పెక్టరు ఫోను చేశాడు.

"కెర్లాన్ టోబీ అనేవాడు మీ ఊరివాడేనా? పక్క ఊళ్ళో బోటు ఇంజను పోయింది. వీడు భుజానేసుకుని పోతుంటే చూసినవాళ్ళున్నారు."

"వాడు ఇంజన్ల మెకానిక్కు సార్. రోజూ ఎవరిదో ఒకటి వాడి భుజం మీదే ఉంటుంది."

"అదేదో వాణ్ణే చెప్పమను. తీసుకురా."

"సాయంత్రానికి నేనే తెస్తాను సార్."

అదే క్షణంలో బీచిలో శంఖం ఊదారు. జాక్ చేపల గుంపు లోపలికొచ్చిందని అర్థం. ఊరంతా పరుగు. కెర్లాన్ కూడా అక్కడే ఉంటాడని తెలుసు. నేను టోపీ పెట్టుకుని, డైరీ తెరిచి, తీరిగ్గా రాశాను: 'రెండు గంటల పది నిమిషాలు. కెర్లాన్ టోబీ కోసం బీచికి. వల లాగుతున్నారు. వల ఒడ్డుకొచ్చాక తీసుకొస్తాను.' చుక్క కూడా పెట్టాను.

బీచిలో రెండు మోకులూ బిగిసి ఉన్నాయి. ఇటు మోకు మీద కెర్లాన్, అటు మోకు మీద టాంటీ వెర్నా. ఆవిడకి డెబ్భై రెండు, అయినా లాగుతుంది. నేను కెర్లాన్ వెనకగా వెళ్ళి గుసగుసగా చెప్పాను.

"కార్పీ, నేను తియ్యలేదు."

"తెలుసురా. వల రాగానే నాతో రా. నేనూ పట్నం వస్తా. ఎవడూ నీ మీద చెయ్యి వెయ్యడు, నాది పూచీ."

"టాంటీకి ఇప్పుడే చెప్పకండి. గుండె ఆగిపోతుంది."

"చెప్పను. నువ్వు లాగు."

వాడు తల ఊపి మళ్ళీ కాళ్ళు ఇసకలో దింపాడు. నేను పది అడుగుల అవతల బాదం చెట్టు నీడలో నిలబడ్డాను. వల నడుం లోతు నీళ్ళ దాకా వచ్చింది. నీళ్ళలో చేపలు మిలమిలలాడుతున్నాయి. పిల్లలు అప్పుడే బుట్టలు బోర్లించి కూర్చున్నారు.

అంతలో జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టరుకి సాయంత్రందాకా ఆగే ఓపిక లేకపోయింది. స్టేషనుకి వెళ్తే బల్ల దగ్గరున్న కొత్త కానిస్టేబులు డైరీ తిప్పి చూపించాడు. తప్పు వాడిదా? అడిగితే చూపించడం వాడి పని. నలుగురు దిగి సరాసరి మోకు దగ్గరికి వచ్చారు. వాళ్ళు పట్నం వాళ్ళు, మోకు సంగతి వాళ్ళకేం తెలుసు? కెర్లాన్‌ని పట్టుకుని లాగారు. వాడు వదల్లేదు. వదిలించారు. వాడి ముందున్నవాళ్ళు, వెనకున్నవాళ్ళు బిత్తరపోయి పట్టు సడలించారు. ఇటు మోకు జారింది, వల ఒక పక్కకి ఒరిగింది, చేపల గుంపు మొత్తం తెరుచుకున్న పక్కనుంచి సముద్రంలోకి పోయింది. అంతా నిమిషంలో అయిపోయింది.

ఖాళీ వల ఒడ్డుకొచ్చింది. టాంటీ వెర్నా జీపు వెళ్ళిన వైపు చూస్తూ ఇసకలో కూలబడింది. కెప్టెన్ లూసియన్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

"వాళ్ళకి తెలీదు, సరే. నీకు తెలుసు కదయ్యా."

అంతే అన్నాడు. ఆ రోజు మొదలు ఆయన నన్ను ఏడిపించడం మానేశాడు.

సాయంత్రానికల్లా ఊరంతా పాకిపోయింది: కార్పీ పుస్తకంలో కెర్లాన్ పేరెక్కించాడు, కార్పీయే జీపు పిలిపించాడు. మొదటి ముక్క నిజం, రెండోది కాదు. సగం నిజాన్ని ఖండించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నేను దుకాణంలో అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. బ్రెడ్డు చేతికిచ్చేవారు, చిల్లర బల్ల మీద పెట్టేవారు. చర్చిలో నా బెంచీ మీద నేనొక్కణ్ణే.

శనివారం మూడింటికి షెడ్డు తెరిచాను. కొబ్బరాకులు మండించి మూడు డప్పులూ కాచాను. ఫిడేలు శ్రుతి చేశాను. నాలుగైంది. ఎవరూ రాలేదు. దారిలో ఇద్దరు చంటిగాళ్ళు ఆగి తొంగి చూశారు. వాళ్ళమ్మ గేటు దగ్గర్నుంచి ఒక్క కేక పెట్టేసరికి పారిపోయారు. కాచిన డప్పులు చల్లారిపోతే మళ్ళీ కాచాను. మూడు డప్పులకి మనిషినొక్కణ్ణి, ఏం వాయించను? ఫిడేలు మీద రెండు పాటలు వాయించి, నా పాటకి నేనే విసుక్కుని తాళం వేశాను. ఆ తరవాత ప్రతి శనివారం ఇదే తంతు. మానెయ్యొచ్చు కదా అంటే, మానేస్తే శనివారం ఏం చెయ్యాలో నాకు తెలీదు.

కెర్లాన్‌కి పది రోజులకి బెయిలు దొరికింది. షరతు ఏమిటంటే, ప్రతి సోమవారం, గురువారం సాయంత్రం నాలుగింటికి మా స్టేషనుకొచ్చి సంతకం పెట్టాలి.

మొదటి సోమవారం వాడు రాకముందు అద్దంలో చూసుకుని కాలరు సర్దుకున్నాను. నవ్వొస్తుంది తలచుకుంటే. వాడు వచ్చాడు, చిక్కిపోయాడు. పెన్ను తీసుకున్నాడు, సంతకం పెట్టాడు, పెన్ను బల్ల మీద పెట్టాడు, వెళ్ళిపోయాడు. నా వైపు చూడలేదు. అరనిమిషం కూడా పట్టలేదు.

ఆ అరనిమిషం కోసం నేను డ్యూటీలు మార్చుకున్నాను. నా పండగ సెలవులన్నీ కానిస్టేబుల్‌కి ఇచ్చి సోమ, గురువారాల సాయంత్రాలు నేను పుచ్చుకున్నాను. వాడికి కొబ్బరి రొట్టె ఇష్టమని తెచ్చి బల్ల మీద పెట్టేవాణ్ణి. ముట్టలేదు. "టాంటీ మోకాలు ఎలా ఉంది?" అనేవాణ్ణి. జవాబు లేదు. "జూలై ఉత్సవాలకి మన డప్పులు అడిగారురా" అనేవాణ్ణి. జవాబు లేదు. ఒక గురువారం పెన్ను రాయకపోతే నా జేబులోది ఇచ్చాను. దాంతో సంతకం పెట్టి నా చేతికే తిరిగిచ్చాడు. ఆ రోజంతా ఎంత సంతోషపడ్డానో చెబితే సిగ్గుచేటు. యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి, ఒక పెన్ను చేతికందిందని.

మూడు నెలలు ఇలా గడిచాయి. జూన్‌లో ఒక శనివారం పొద్దున పట్నం నుంచి ఫోను. పోయిన ఇంజను దొరికింది. అసలు దొంగ ఎవడో పట్టుబడ్డాడు. కెర్లాన్ మీద కేసు ఎత్తేశారు, ఇక సంతకాలు అక్కర్లేదు, చెప్పెయ్యమన్నారు.

పరిగెత్తుకెళ్ళి చెప్పాల్సిన మాట. వాళ్ళిల్లు స్టేషనుకి నాలుగు వందల గజాలు. నేను కుర్చీలోంచి లేవలేదు. వాడు నిర్దోషి అని మొదటినుంచీ అన్నవాణ్ణి, ఆ మాట రుజువైన రోజున నాకు ముందుగా వచ్చిన ఆలోచన ఏమిటంటే, ఇంక వాడు స్టేషనుకి రాడు. ఛీ అనుకున్నాను. అనుకునీ లేవలేదు. సోమవారం ఎలాగూ వస్తాడు కదా, అప్పుడు చెబుదాం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రెండు రోజులు ఆ ముసలమ్మ భయంతో బతకనీ అని, నా అరనిమిషం కోసం ఆ కబురు దాచుకున్నాను.

సోమవారం నాలుగింటికి వాడొచ్చి పెన్ను తీశాడు.

"అక్కర్లేదురా. కేసు కొట్టేశారు. ఇంక రానక్కర్లేదు."

వాడు పెన్ను అలాగే పట్టుకుని నిలబడ్డాడు. మూడు నెలల తరవాత మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పొచ్చు. పుస్తకంలో రాయనివాణ్ణి నోటితో మాత్రం ఎలా చెబుతాను?

"శనివారం."

"శనివారమా! నిన్న టాంటీ చర్చిలో నేల మీద మోకరిల్లి ఏడ్చింది కార్పీ. మీరు వెనక బెంచీలోనే ఉన్నారు."

"ఉన్నాను. తప్పే. నువ్వు ఇంకొక్కసారి వస్తావని చెప్పలేదు."

వాడు నవ్వాడు. ఆ నవ్వులో దయ లేదు, అలాగని పగా లేదు. నాకు ధైర్యం వచ్చింది. మూడు నెలలుగా గొంతులో పెట్టుకున్న మాటలన్నీ కక్కేశాను. జీపు నేను పిలిపించలేదని, డైరీలో ఉన్నదున్నట్టు రాశానని, అలా రాయడం నా బుద్ధి తక్కువని, 'గస్తీ' అని రాసి ఉంటే సరిపోయేదని.

"అదంతా నాకు తెలుసు" అన్నాడు కెర్లాన్. "జీపులోనే చెప్పారు వాళ్ళు, మీ కార్పొరల్ ఎంత చక్కగా రాస్తాడో అని ఎగతాళి కూడా చేశారు. నాకు కోపం పుస్తకం మీద కాదు."

"మరి?"

"నా వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీస్తున్నారు మోకు మీంచి. నేను మీకోసం చూశాను. మీరు పది అడుగుల్లో ఉన్నారు. మీ చెయ్యి టోపీ దగ్గరుంది."

ఆ నిమిషంలో ఇంకొకటి జరిగిందని ఇందాక మీకు చెప్పలేదు. నాకు నేనే చెప్పుకోలేదు. జీపులోంచి ఇన్‌స్పెక్టరు దిగగానే నేను సెల్యూట్ కొట్టాను. ముప్ఫై ఐదేళ్ళ అలవాటు, చెయ్యి దానంతట అదే లేచింది. ఆయన తిరిగి సెల్యూట్ చేస్తేనే దించాలి. ఆయన చెయ్యలేదు, ఆయన చూపు కెర్లాన్ మీద ఉంది. నేను చెయ్యి దించలేదు. వాడి వేళ్ళు విడిపిస్తున్నంతసేపూ, చేపలు పోతున్నంతసేపూ, నాది పూచీ అన్న నేను కొయ్యలా నిలబడి సెల్యూట్ చేస్తూనే ఉన్నాను.

"ఒక్క మాట అనుంటే చాలు కార్పీ. 'సార్, ఆగండి' అని. వాళ్ళు ఆగేవారు కాదు. అయినా నేను మీవాణ్ణని అందరికీ తెలిసేది."



వాడు పెన్ను బల్ల మీద పెట్టాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు.

"షెడ్డు తాళంచెవి ఇవ్వండి."

"ఏంటీ?"

"పిల్లలు మళ్ళీ వంతెన గోడ మీద కూర్చుంటున్నారు. డప్పులేవీ అని రోజూ నన్ను తినేస్తున్నారు. నేను నేర్పుతా. షెడ్డు జాలర్లదే కదా, లూసియన్ తాతని అడిగాను, సరే అన్నాడు."

నాకు ప్రాణం లేచొచ్చింది. రెండేళ్ళ తరవాత జరగాల్సింది ఇప్పుడే జరుగుతోంది. అప్పుడే శనివారానికి కొబ్బరాకులు ఎవరిచేత కొట్టించాలా అని ఆలోచించడం మొదలెట్టాను.

"అయితే మూడింటికల్లా నేను ఫిడేలు తీసుకుని..."

"మీరు రావద్దు కార్పీ." మెల్లిగానే అన్నాడు. "మీరొస్తే వాళ్ళమ్మలు పంపరు." నేల చూపులు చూశాడు. "వాళ్ళ సంగతి అటుంచండి. మీరు ఎదురుగా ఉంటే నాకే చెయ్యి ఆడదు."

వెనక గదిలోకి వెళ్ళాను. మేకుకున్న తాళంచెవి తీశాను. పక్కనే ఫిడేలు వేలాడుతోంది. ఒక్క క్షణం దాన్నే చూస్తూ నిలబడి, అదీ తీశాను. షెనెల్ అని పద్నాలుగేళ్ళ పిల్ల, నా దగ్గర రెండు పాటలు నేర్చుకుంది. మూడోది సగంలో ఆగింది.

"షెనెల్‌కి ఇవ్వు. కమాను మరీ బిగించొద్దని చెప్పు."

"చెబుతా."

వాడు తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి "థాంక్యూ కార్పీ" అన్నాడు. కొబ్బరి రొట్టె ముట్టుకోకుండానే వెళ్ళిపోయాడు. ఆ రాత్రికి నేనే తిన్నాను.

శనివారం వచ్చింది. నేను డ్యూటీలో ఉన్నాను. మూడు దాటిన కాసేపటికి గాలివాటున మొదటి దెబ్బ వినిపించింది. కిటికీ తెరిచాను. చిన్న డప్పు కెర్లాన్‌ది, చెప్పక్కర్లేదు. పెద్ద డప్పు సరిగా కాగలేదు, మొద్దుగా పలుకుతోంది. ఇంకో రెండు కొబ్బరాకులు వెయ్యండర్రా అని కిటికీకి చెప్పాను. అప్పుడు ఫిడేలు ఎత్తుకుంది షెనెల్. ఘోరంగా వాయించింది. మూడో పాట సగందాకా వచ్చి, తెలియక, మళ్ళీ మొదటికే వెళ్ళింది. మిగతా సగం నాకు తెలుసు. వెళ్ళి చెప్పలేను. వాళ్ళు నవ్వుతున్నారు, చాలామంది ఉన్నట్టున్నారు. నేను కోరుకున్నదంతా అక్కడే ఉంది, రెండు వీధుల అవతల. నేను లేకుండా చక్కగా నడుస్తోంది. సంతోషమే. సంతోషం కాదని ఎవరన్నారు? కళ్ళనీళ్ళు తుడుచుకుని టోపీ పెట్టుకున్నాను.

నాలుగింటికి మిస్ ఐరిస్ వచ్చింది. షెడ్డు వెనకిల్లు ఆవిడది. బడిలో పెద్దపంతులమ్మగా చేసి రిటైరయింది, ఎనభై దాటాయి, ఊరి గొడవలు ఆవిడ చెవికెక్కవు, ఎక్కినా పట్టించుకోదు. గొడుగుతో బల్ల మీద ఒక్కటిచ్చింది.

"కార్పొరల్! ఫిర్యాదు చెయ్యడానికొచ్చాను. మూడు నెలలు హాయిగా నిద్రపోయాను. ఇవాళ మళ్ళీ మొదలు. నీ పిల్లలు నా చెవులు చిల్లులు పొడుస్తున్నారయ్యా!"

"ఎవరి పిల్లలు, మిస్ ఐరిస్?"

"నీ పిల్లలే! ఇంకెవరి పిల్లలు?"

"సరిగా వినబడలేదమ్మా. ఈమధ్య నాకూ చెవుడొచ్చినట్టుంది."

ఆవిడ బల్ల మీదికి వంగి, బడిలో మొద్దబ్బాయికి చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి అరిచింది.

"నీ. పిల్లలు. గోల. చేస్తున్నారు!"

నేను ఆవిడకి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, మొదటినుంచి మళ్ళీ చెప్పమన్నాను.